కొలతల పుస్తకం

నలభై ఒకటో చీటీ మీద కూడా అదే రాశాను:
రోజూ ముప్పై నిమిషాలు నడవండి.
చెయ్యికి అలవాటైపోయింది, సంతకంలాగా.

ఎర్లిందా చీటీ మడిచి జేబులో పెట్టుకుంది.
కుర్చీ చేతుల మధ్య నుంచి ఒళ్ళు విడిపించుకుని లేస్తూ
"ఎక్కడ?" అంది.

నేను నవ్వాననుకుంటాను.

మాంటెర్రే నగరం ఎక్కడ అయిపోతుందో
అక్కడి నుంచి ఇంకో గంట బస్సు.
అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు, ఎండకు పొరలెత్తిన రంగు.
వీధులన్నిటికీ పూల పేర్లు.
డేలియా వీధిలో డేలియా పూయగా చూసినవాళ్ళు లేరు.

నెల తిరిగాక మళ్ళీ వచ్చింది.
బడిపిల్లల యూనిఫాంలు కుట్టే మనిషి,
మెడలో టేపు, చేతిలో నూనె మరకల కొలతల పుస్తకం.
గిరాకీ పేరు రాసే చోట
"మా కాలనీ" అని రాసి ఉంది.

కాలిబాట వెడల్పు: మూరెడు.
అందులో కరెంటు స్తంభం: జానెడు.

నా గుమ్మం నుంచి నసారియో కొట్టుకి: పద్నాలుగు అడుగులు.
అక్కడ దొరికేవి: చిప్సు, తీపి రొట్టెలు,
పసిపిల్లంత బరువున్న కోలా సీసా.

టమాటాలకి: రెండు బస్సులు, యాభై నిమిషాలు.
వచ్చేసరికి అడుగువి పచ్చడి.

కుళాయి: మంగళవారం, శుక్రవారం.
మిగతా రోజులు నసారియో ఫ్రిజ్జే మా బావి.

పార్కు: గేటుకి తాళం.
తాళం వయసు: మా చిన్నదాని కంటే ఒక ఏడాది పెద్ద.

కుక్కలు: లెక్క పూర్తికాలేదు, పరిగెత్తాను.
(ఈ నెల చేసిన వ్యాయామం ఇదే, రాసుకోండి.)

ఖాళీ ఇళ్ళు: మా వరసలో ఏడు.
చీకటి పడ్డాక వాటి ముందు టేపు తియ్యలేదు.

హైవే మీద వంతెన: మెట్లు అరవై రెండు, దీపాలు రెండు.
వెలిగేవి:
అక్కడ ఏమీ రాయలేదు.

చివరి పేజీలో తన నడుము. నూట పద్నాలుగు.
"ఇదొక్కటి మీరు కొలిచింది డాక్టర్.
మిగతావి నేను."

నేనుండే వీధిలో పెకాన్ చెట్ల నీడ ఉంది.
మలుపులో పళ్ళబండి, దాని పక్కన బెంచీ,
బెంచీ మీద ఎప్పుడూ ఎవరో ఒకరు, పలకరింపుకి.
నడవాలనుకోకుండానే నడిచేస్తాను.
ఇన్నేళ్ళూ దాన్ని నా క్రమశిక్షణ అనుకున్నాను.

ఆ సాయంత్రం కారు అక్కడే వదిలేసి
ఆమె వెంట బయల్దేరాను.
వంతెన మీద నలభయ్యో మెట్టు దగ్గర
మోకాలి మీద చెయ్యేసి ఆగింది.
నేను అంతకుముందే ఆగాను, చెప్పలేదు.
కింద లారీలు పోతుంటే కమ్మీలు వణుకుతున్నాయి.

"ఎన్ని నిమిషాలైంది?"
"ఎనిమిది."
"అయితే ఇంకా ఇరవై రెండు," అని
మొదటిసారి నా ముందు పకపకా నవ్వింది.

నవ్వు ఆగాక, చీకట్లోకి చూస్తూ అంది:
"బట్ట బిగుతైందని వస్తారు జనం.
నేను ఒంటిని తిట్టను.
కుట్టు ఎక్కడ విప్పాలో చూస్తాను."

పుస్తకం జిరాక్సు తీసి పురపాలక కార్యాలయానికి పంపాను.
ముట్టినట్టు ముద్ర వేసి పంపారు.
ముద్ర చాలా స్పష్టంగా ఉంది.
తాళం అలాగే ఉంది.

ఇవాళ నలభై రెండో మనిషి వచ్చాడు,
గోదాము కాపలాదారు, పేరు ఫిలెమోన్,
రాత్రంతా కూర్చునే ఉద్యోగం, పగలంతా నిద్ర.
బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త రంధ్రం.
చీటీ లాక్కుని
"రోజూ" అని రాశాను.

ఆయన చేతులు కట్టుకుని వింటున్నాడు,
నేనింకా ఏమీ అనలేదు.
కలం మొన కింద
సిరా చుక్క నెమ్మదిగా లావెక్కుతోంది.